పదిహేను నిమిషాల ప్రసంగం

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు నాలుగు గంటల సేపు మాట్లాడారు. పాత గ్రంథాల్లోని వాడుక ప్రయోగాలు ఒక్కొక్కటే తీసి సభ ముందు పెట్టి, రాతకి వాడుక భాషే తగునన్న తన వాదానికి అనుకూలంగా తీర్మానం చేయించుకుని గానీ కూర్చోలేదు. అప్పటికే అరవై దాటిన మనిషి, పైగా చెముడు. ‘ఇక చాలించండి పంతులుగారూ’ అని ఎవరైనా అన్నా ఆయన చెవిన పడి ఉండదని మా రేడియో ఆఫీసులో నవ్వుకునేవాళ్లం.

ఆ సభ జరిగిన పదమూడేళ్లకు, 1938 జూన్ 16న, మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం తెరిచారు. అక్కడ ఎంతటి వారికైనా ప్రసంగమంటే పావుగంటే. నాలుగు గంటలు అనర్గళంగా మాట్లాడటం తెలిసిన మనవాళ్లు పావుగంటలో విషయం చెప్పడం ఎలా నేర్చుకున్నారో నాకు కాస్త దగ్గరగా తెలుసు. నా ఉద్యోగమంతా రేడియోలో ప్రసంగాల విభాగంలోనే గడిచింది. మైకు ముందు నేను కూర్చున్నది తక్కువ. కూర్చోబోయేవాళ్ల కాగితాలు దిద్దడమే నా పని.

రేడియోకి ముందు మన పల్లెల్లో పదిమందిని కూర్చోబెట్టి చెప్పేవి పురాణం, హరికథ. వినేవాడికి కథ ముందే తెలుసు. సీతమ్మ లంకలో ఉందన్న సంగతి వినడానికి ఎవరూ రారు, ఆ దాసుగారు దాన్ని ఎలా చెబుతాడో వినడానికి వస్తారు. వినేవాడికి తెలియని విషయాన్ని, ఒక్కోసారి ఇష్టం లేని విషయాన్ని, నిలబడి చెప్పి ఒప్పించే అలవాటు మనకి గోదావరి ఒడ్డున మొదలైందని నేననుకుంటాను. 1879లో వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇచ్చారు. పండితులు శాస్త్రం చూపమంటే శాస్త్రమే చూపించారు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి చేసి చూపించారు. ఆ ఉపన్యాసాలు అచ్చులో కూడా వచ్చాయి. అచ్చుకి పనికొచ్చే ఉపన్యాసం అంటే ముందు కూర్చుని రాసుకున్నదే అయ్యుండాలి.

అలా రాసుకోకుండా నెగ్గుకొచ్చిన మహానుభావుడూ ఆ ఊళ్లోనే ఉన్నాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడితే, పక్కన నిలబడి తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆయనకి చూపు చాలా తక్కువ. కాగితం చూసుకునే ప్రశ్నే లేదు. విన్నది విన్నట్టు బుర్రలో పెట్టుకుని, సభకి అర్థమయ్యేలా తిప్పి చెప్పడం, నడుమ ఆశువుగా ఒక పద్యం కట్టి పడేయడం! ఆ పద్యం జిల్లాలు దాటి పాకింది. ఆ ఊపులోనే గాడిచర్ల హరిసర్వోత్తమరావు ట్రైనింగ్ కాలేజీ చదువు పోగొట్టుకున్నారు. తర్వాత కాలంలో గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ ఊరూరా తిరిగి చెప్పింది ఆయనే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల తొలి మహాసభ జరిగితే, అధ్యక్షత వహించింది మళ్లీ చిలకమర్తివారే. ఆ ఉద్యమం పుణ్యమా అని ఊళ్లో పుస్తకాల బీరువాతో పాటు వార్షికోత్సవం వచ్చింది. వార్షికోత్సవానికి ఒక వక్త వచ్చాడు.

ఈ వక్తల గొప్పతనాన్ని తక్కువ చేయను గానీ, వేదిక వాళ్లకి కొన్ని అలవాట్లు నేర్పింది. ఎదురుగా ముఖాలుంటాయి. చప్పట్లు పడ్డ చోట ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. అధ్యక్షులవారిని, ఆహ్వానించినవారిని, వేదికనెక్కిన పెద్దల్ని పేరుపేరునా పొగిడేసరికి పావుగంట గడుస్తుంది. రేడియో ఇచ్చే మొత్తం సమయం అంతే కదా!

పావుగంట పద్ధతి మనది కాదు, లండన్ నుంచి వచ్చింది. బీబీసీలో ప్రసంగాల శాఖకి 1927లో మొదటి డైరెక్టరు అయినావిడ హిల్డా మాథెసన్. ప్రొఫెసర్లు, మతాచార్యులు మైకు ముందుకొచ్చి పెద్ద హాల్లో మాట్లాడినట్టు గర్జించడం ఆవిడ చూసింది. రేడియో వినేవాడు గుంపులో లేడు, ఇంట్లో తన కుర్చీలో ఒంటరిగా ఉన్నాడు, వాడితో మాట్లాడినట్టే మాట్లాడాలి అన్నది ఆవిడ పట్టు. అలా మాట్లాడాలంటే అలాగే రాయాలి. రాసిందాన్ని చదువుతున్నట్టు తెలియకుండా చదవడం సాధన చేయాలి. ఎంత పెద్ద రచయితనైనా ముందు పిలిపించి చదివించి చూసేదిట. ఆవిడ కింద ఆ శాఖలో పనిచేసినవాడే లయొనెల్ ఫీల్డెన్. 1935లో మన దేశానికి ప్రసారాల కంట్రోలరుగా వచ్చిందీ, మరుసటేడు ఆలిండియా రేడియో అని పేరు పెట్టిందీ ఆయనే. మద్రాసు కేంద్రం ఆయన హయాంలో పుట్టిందే. అంటే మాథెసన్ బడిలో పెట్టిన పద్ధతి ఒక చేయి మారి మన దగ్గరికి వచ్చిందన్నమాట. మా సీనియర్లు ‘శ్రోత ఒక్కడేనయ్యా, లక్షమంది కాదు’ అని మాకు నూరిపోసింది ఆవిడ మాటేనని రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను.

మద్రాసులో అరవానికి, మనకి వేళలు పంచుకోవాలి. హైదరాబాదులో 1935 నుంచి నిజాం ప్రభుత్వ రేడియో ఉంది, అక్కడ ప్రధానంగా ఉర్దూ. బెజవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తెలుగు ప్రసంగానికి సొంత ఇల్లు దొరికింది అప్పుడే. హైదరాబాదు రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. 1963లో కడప, విశాఖపట్నం వచ్చాయి. చేరిన మనుషుల్ని చూడండి: బాలాంత్రపు రజనీకాంతరావు, బుచ్చిబాబు, గోపీచంద్, దేవులపల్లి కృష్ణశాస్త్రి. రచయితలే ఉద్యోగులు. పావుగంట ప్రసంగానికి ఈ తెలుగు నప్పుతుంది, ఇది నప్పదు అని చెప్పగల చెవులు వాళ్లకి ఉండేవి.

మేం చేరేనాటికి పద్ధతి స్థిరపడింది. ముందు ఒక కాంట్రాక్టు కాగితం వెళ్తుంది. అందులో అంశం, తేదీ, నిడివి, పారితోషికం. వక్త సంతకం పెట్టి తిప్పి పంపాలి, రికార్డింగుకి కొన్నాళ్ల ముందు స్క్రిప్టు పంపాలి. పారితోషికం స్వల్పమే. అయినా ఆ కాంట్రాక్టు అందుకున్న హైస్కూలు మేష్టారు దాన్ని జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగిన రోజులవి. స్క్రిప్టు ఫుల్‌స్కేప్ కాగితం మీద ఒక పక్కే రాయాలి. పావుగంటకి ఆరు పుటలు, చేతిరాత చిన్నదైతే అయిదు. తొమ్మిది పుటలు పంపినవారు కోకొల్లలు. ఫోన్ చేసి ‘మూడు పుటలు తగ్గించాలండీ’ అంటే, ‘తొందరగా చదివేస్తాలెండి’ అనేవాళ్లు. ఈ జవాబు ఇవ్వని వక్తని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దిద్దడంలో అసలు పనితనం ఎక్కడుండేదో చెబుతాను. రైతుల కార్యక్రమానికి ఒక పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రవేత్త ఒకాయన వచ్చేవారు. మంచి విద్వాంసుడు. దాళ్వా వరికి ఎరువుల మీద రాసుకొచ్చారు: హెక్టారుకి 120 కిలోల నత్రజనిని మూడు సమ దఫాలుగా వేయాలి. అక్షరం తప్పు లేదు. నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

‘సార్, మన రైతుకి హెక్టారు తెలుసాండీ?’

‘తెలియాలి కదండీ మరి. ప్రభుత్వ లెక్కలన్నీ అందులోనే.’

‘తెలిసేదాకా ఎకరంలోనే చెబుదామండీ. నత్రజని ఏ కొట్లో అమ్ముతారు?’

ఆయన నవ్వేశారు. ఇద్దరం లెక్క వేశాం. హెక్టారుకి 120 అంటే ఎకరానికి 48 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. కాబట్టి ఎకరానికి 104 కిలోల యూరియా. అప్పట్లో కొట్లో దొరికే బస్తా 50 కిలోలది. ‘ఎకరానికి రెండు బస్తాల యూరియా’ అని రాసుకున్నాం, మిగిలిన నాలుగు కిలోల్ని గాలికొదిలేశాం. ఆయనకి ఆ నాలుగు కిలోలు వదలడం ప్రాణం మీదికొచ్చినంత పనైంది. మూడు దఫాలు ఎప్పుడెప్పుడు? దమ్ములో ఒకటి, దుబ్బు చేసేటప్పుడు ఒకటి, అంకురం దశలో ఒకటి. పైపాటుగా చల్లేది నీళ్లలో కొట్టుకుపోకుండా 50 కిలోల యూరియాకి 250 కిలోల తేమ మట్టి కలిపి రెండ్రోజులు నిలవ ఉంచి చల్లమన్నారు. ఇదీ ఆయన స్క్రిప్టులో చివరి పుటలో ఎక్కడో ఉంది. ముందుకి లాక్కొచ్చాం. రైతు నిజంగా రేపు చేయబోయే పని అదే మరి. ప్రసారం అయ్యాక వచ్చిన కార్డుల్లో ఎక్కువమంది అడిగింది మట్టి గురించే. రేగడా, ఇసుకా, ఎరువుల గుంటలోది పనికొస్తుందా అని.

ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో కొత్త వంగడాలు, కొత్త ఎరువులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 పండించి చూపిన దగ్గర్నుంచి, 1982లో మారుటేరు నుంచి స్వర్ణ వచ్చేదాకా, రైతుకి వారానికో కొత్త మాట. పంచాయతీ ఆఫీసు మీద రేడియో హారను కట్టి ఉండేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని వినే పెద్దకాపుకి రెండోసారి వినే సౌకర్యం లేదు, పేజీ వెనక్కి తిప్పుకునే వీలూ లేదు. అందుకని ఒక ప్రసంగంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడుకి మించకూడదని మా పెద్దలు కట్టడి చేశారు. 17,83,000 అని రాసి ఉంటే ‘పద్దెనిమిది లక్షలకి కాస్త తక్కువ’ అని మార్చేవాళ్లం. ఒక గణాంకాల ఆఫీసరుగారు దీన్ని గణితానికి జరిగిన అవమానంగా తీసుకున్నారు.

ఇంకో చిక్కు, రేడియోలో కంపెనీ పేరు చెప్పకూడదు. పురుగుమందుని రైతు డబ్బా మీది పేరుతో పిలుస్తాడు. మేమేమో ‘మోనోక్రోటోఫాస్’ అని రసాయనం పేరే చెప్పాలి. నోరు తిరగని ఆ పేరుని అక్షరాలు విడగొట్టి రెండుసార్లు చెప్పించేవాళ్లం. కార్బోఫ్యూరాన్ విషయంలో మాత్రం బతికిపోయాం, జనం అప్పటికే ‘గుళికలు’ అనేశారు.

భాష సంగతి వేరే కథ. మా బీరువాలో పాత స్క్రిప్టులు కొన్ని ఉండేవి. గ్రంథికం తప్ప రాయనని భీష్మించిన పండితుల కాగితాల మీద కూడా ‘జరుగుచున్నది’ కొట్టేసి పైన పెన్సిలుతో ‘జరుగుతోంది’ అని ఉండేది. అక్షరం మావాళ్లది కాదు, ఆ పండితులదే. స్టూడియోలో ఒకసారి పైకి చదువుకునేసరికి నోరే దిద్దేసిందన్నమాట. గిడుగువారు నాలుగు గంటలు వాదించి సాధించినదాన్ని పావుగంట మైకు వాదన లేకుండా సాధించింది. ఆయన 1940లోనే వెళ్లిపోయారు, ఈ తమాషా పూర్తిగా చూడలేదు.

స్టూడియోలోకి వచ్చాక వక్త చేత మొదట చేయించేది కాగితాల గుండుసూది తీయించడం. పుటలు తిప్పకూడదు, పక్కకి జరపాలి. తిప్పితే మైకులో తాటాకు పందిరి కూలినట్టు వినిపిస్తుంది. తర్వాత ఫ్యాను ఆపేస్తాం. ఆడవాళ్లు గాజులు చేతిరుమాలుతో చుట్టుకోవాలి. మైకుకి నోటికి మధ్య జానెడున్నర దూరం, కాస్త పక్కవాటుగా, లేకపోతే ‘ప’, ‘ఫ’ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. ‘లెవెల్ చూస్తాం, రెండు వాక్యాలు చదవండి’ అంటే, వరండాలో అప్పటిదాకా హాయిగా కబుర్లు చెప్పిన మనిషి గొంతు సవరించుకుని సభాపతిని సంబోధించినట్టు అందుకునేవాడు. గాజు అద్దం అవతల ఎర్ర దీపం వెలగ్గానే మనిషే మారిపోతాడు.

దానికి నాకు మా పెద్దాయన ఒకాయన నేర్పిన చిట్కా ఉంది. వక్త ఎదురుగా, స్టూడియో లోపలే, ఎవరినైనా కూర్చోబెట్టాలి. ఆ విషయం తెలియని మనిషై ఉంటే మేలు. మేం ఎక్కువగా మా ప్యూనుని కూర్చోబెట్టేవాళ్లం. గుండె జబ్బుల డాక్టరైనా, శాసనాల పరిశోధకుడైనా ఆయన ముఖం చూస్తూ చెప్పాల్సిందే. ఆయన తల ఊపితే సరే. ఖాళీగా చూస్తే వక్త తనంతట తానే కాగితం మీంచి తల ఎత్తి, ‘అంటే ఏమిటంటే’ అని ఇంకో మాటలో చెప్పేవాడు. ఆ ‘అంటే ఏమిటంటే’ తర్వాత వచ్చిన వాక్యం స్క్రిప్టు మొత్తంలో మంచి వాక్యమై ఉండేది. సీనియర్ ప్రొఫెసర్లకి ఈ ఏర్పాటు నామోషీగా ఉండేది కాబట్టి, ‘వాచీ చూసి టైము చెప్పడానికి కూర్చోబెట్టామండీ’ అని అబద్ధం ఆడేవాళ్లం.

టేపు రాకముందు కోతల గొడవ లేదు, అంతా నేరుగా ప్రసారమే. దగ్గితే దగ్గు, తడబడితే తడబాటు. టేపు వచ్చాక బ్లేడు వచ్చింది. తప్పు పలికిన చోట టేపుని ఏటవాలుగా కోసి, మిగిలిన కొసలు రెండూ తెల్ల టేపుతో అతికించడం. సెకనుకి ఏడున్నర అంగుళాల టేపు పరిగెడుతుంది కాబట్టి, ఒక ‘మరి’ తీసేస్తే ఎంత కోత పడుతుందో వేలితో కొలిచి చెప్పగలిగేవాళ్లం. ఒక వక్త వాక్యానికి రెండేసి ‘మరి’లు పలికితే, కోసిన ముక్కలన్నీ మెడలో వేసుకుని క్యాంటీనుకి వెళ్లాడు మా కుర్రాడొకడు. అన్నీ కోసేయకూడదు, అది మాత్రం ఆలస్యంగా బోధపడుతుంది. ఊపిరి తీసుకున్న చోట కోసేస్తే మనిషి మాట్లాడినట్టు ఉండదు.

ఈ పద్ధతికి లొంగని వాళ్లూ ఉన్నారు, వాళ్లని లొంగదీయాలని ప్రయత్నించకపోవడమే బెజవాడ కేంద్రం చేసిన మంచి పని. ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే అది పావుగంట ప్రసంగం కాదు, పాత పురాణం అరుగే రేడియోలోకి నడిచొచ్చింది. గొంతు పెంచడం, గద్దించడం, వెటకారం, మాథెసన్ వద్దన్నవన్నీ ఆయనలో ఉన్నాయి. అయినా ఇంటింటా పనులు ఆపుకుని విన్నారు. వినేవాడికి కథ తెలిసినప్పుడు ఒక పద్ధతి, తెలియనప్పుడు ఇంకో పద్ధతి అని నేను సర్దిచెప్పుకుంటాను. మా మిత్రులు ఒప్పుకోరు, సామర్థ్యం ఉంటే ఏ పద్ధతైనా చెల్లుతుందంటారు.

ఇంత కష్టపడి చేయించిన ప్రసంగాల్లో మిగిలినవి ఎన్నంటే చెప్పడానికి బాధగా ఉంటుంది. టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయ్యాక చెరిపి మళ్లీ వాడుకోవడం అన్ని చోట్లా మామూలు. మహా విద్వాంసుడి కచేరీ అయితే డబ్బా మీద ‘చెరపరాదు’ అని చీటీ అంటించేవాళ్లం. నాటకానికీ అంటించేవాళ్లం. యూరియా మీద ప్రసంగానికి, కలరా మీద ప్రసంగానికి ఆ చీటీ ఎవరు అంటిస్తారు? ఆ సీజను దాటితే దాని పని అయిపోయినట్టే అనుకున్నాం. ఇవాళ ఎవరైనా 1960ల్లో గోదావరి రైతుకి ఎరువు గురించి ఏ తెలుగులో చెప్పారో పరిశోధించాలంటే, సంగీతం దొరికినంత సులువుగా అది దొరకదు.

ఇప్పుడు పావుగంట ప్రసంగం దాదాపు లేదు. అయిదు నిమిషాల ముక్కలున్నాయి, ఫోన్ కార్యక్రమాలున్నాయి. ఫోన్ కార్యక్రమం నాకు నచ్చుతుంది. పొద్దున్నే రైతు ఎవరో గట్టు మీద నిలబడి చేస్తాడు, వెనక ఇంజను చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ‘సార్, పిలకలు పసుపు పచ్చగా తిరిగినయ్, ఏం కొట్టాల?’ అంటాడు. అవతల శాస్త్రవేత్త చేతిలో కాగితం ఉండదు. ‘హెక్టారుకి ఇరవై అయిదు కిలోల...’ అని మొదలుపెడతాడు. వెంటనే అనౌన్సరు అమ్మాయి అడ్డం పడుతుంది, ‘సార్, ఎకరానికి చెప్పండి సార్.’